హాల్లో ఆర్ట్ షో పెడుతున్నారా, మేకులు కాసేపు పక్కన పెట్టండి

అనంతపురంలోనో కడపలోనో ఆర్ట్ షో పెట్టాలంటే ప్రత్యేకంగా గ్యాలరీ దొరకడం కష్టమే, ఏ కాలేజీ హాలో ఫంక్షన్ హాలో తీసుకోవాల్సిందే. పర్లేదు, అందులోనే బ్రహ్మాండంగా చేసుకోవచ్చు. కాకపోతే చాలామంది హాల్లోకి అడుగుపెట్టగానే సుత్తి పట్టుకుని పెయింటింగులు గోడలకెక్కించేస్తారు, తర్వాత శిల్పాలెక్కడ పెట్టాలప్పా అని తల గోక్కుంటారు. రివర్స్‌లో రండి. ముందు ఇన్‌స్టలేషన్ (అంటే వస్తువులూ లైట్లూ పెట్టి ఆ చోటునే కళగా మార్చేది), తర్వాత శిల్పాలు, ఆఖర్న పెయింటింగులు.

ఎందుకంటే ఇన్‌స్టలేషన్‌కి కావాల్సినవి ఎక్కువ, ప్లగ్ పాయింట్, చీకటి, మనుషులు చుట్టూ తిరగడానికి చోటు, ఇవన్నీ హాల్లో ఒకే మూల దొరకొచ్చు. మన ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలతో ఎవరైనా ఏదో చేస్తున్నారనుకోండి, ఆ తోలు పల్చగా గీకి ఉంటుంది, వెనకనుంచి లైటు పడితేనే ఎరుపు, పచ్చ భగ్గుమంటాయి, చిల్లులు పొడిచిన నగలన్నీ చుక్కలు చుక్కలుగా వెలుగుతాయి. అదే ముందునుంచి ఫోకస్ కొడితే ఉత్త అట్టముక్కలా ఉంటుంది. కాబట్టి చీకటి మూల దానికే ఇచ్చేయండి. బల్బులు ఎల్ఈడీవే వాడండి, వేడి తగిలితే తోలు వంకర పోతుంది. వైర్లు జనం నడిచే దారికి అడ్డం రాకుండా గోడవారగా టేపేసి అతికించండి.

శిల్పాలకు ప్లైవుడ్ డబ్బాలు చేయించి తెల్ల రంగేస్తే చాలు. కానీ ఖాళీ డబ్బా పిల్లోడి భుజం తగిలినా ఊగుతుంది, అందుకని లోపల అడుగున కడప బండ ముక్కలు నాలుగు పడేయండి, మన దగ్గర వాటికేం కరువు. ఆళ్లగడ్డ రాతి విగ్రహంలాంటి బరువైనవి మాత్రం డబ్బా ఎక్కించొద్దు, నేలమీదే చిన్న దిమ్మె చాలు. చుట్టూ మూడడుగులు వదలండి. లైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ఉలి దెబ్బలు కూడా కనపడతాయి, ఎదురుగా వేస్తే రాయి చప్పగా ఐపోతుంది.

ఇక గోడలు. పెయింటింగ్ మధ్యభాగం నేలనుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలి, గ్యాలరీల్లో ఎక్కువగా పాటించే లెక్క ఇదే. 30 అంగుళాల ఎత్తు పెయింటింగ్ అయితే సగం 15 కలపండి, వెనక తీగని బిగించి లాగితే ఫ్రేమ్ పై అంచుకి 3 అంగుళాలు కిందకి ఉంది అనుకుంటే అది తీసేయండి, మేకు 69 దగ్గర. ముందు అన్నీ గోడవారగా నేలమీద ఆనించి వరస చూసుకుని అప్పుడు కొట్టండి, ఫంక్షన్ హాలోళ్లు గోడకి చిల్లులు పడితే ఊరుకోరు. అద్దం ఉన్న ఫ్రేముల్ని కిటికీకి ఎదురుగా పెట్టొద్దు, బొమ్మ బదులు కిటికీయే కనపడుతుంది.

లేబుల్ మీద పేరు, సంవత్సరం, దేనితో చేశారు, సైజు, ఇవి తెలుగులో రాయండి. "ముట్టుకోరాదు" బోర్డు పెట్టినా మనోళ్లు ముట్టుకుంటారు, అందుకే శిల్పానికి వాడిన రాయిలోనే చిన్న ముక్క ఒకటి చెక్కి పక్కన టేబుల్ మీద పెట్టండి, దాన్ని ఎంతసేపైనా తడుముకోనీండి.