ట్యాక్స్ ఇన్‌స్టాల్‌మెంట్లు ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో ముందే షెడ్యూల్ చేసుకోండిలా

ముందు ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌ని పేయీగా, అంటే డబ్బు అందుకునేవాళ్లుగా, యాడ్ చేయాలి, ఇక్కడ మాత్రం తొందరపడొద్దండీ, కొన్ని చోట్ల ఇన్‌స్టాల్‌మెంట్‌కి ఒక పేయీ, పాత బాకీకి ఇంకోటి ఉంటాయి, తప్పుది నొక్కితే డబ్బు వేరే లెక్కలో జమవుతుంది, దాన్ని సరిచేయించుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ట్యాక్స్ నంబర్ అంకె అంకె సరిచూసుకోండి. తర్వాత డేట్, సరిగ్గా గడువు రోజే కాకుండా రెండు మూడు వర్కింగ్ డేస్ ముందు పెట్టండి, మధ్యలో సెలవులొస్తే పేమెంట్ లేటవ్వచ్చు. ప్రతిసారీ ఒకే మొత్తం కాకపోతే రికరింగ్ (అదే మొత్తం దానంతటదే మళ్లీ మళ్లీ వెళ్లే పేమెంట్) వద్దు, దేనికది విడిగా పెట్టుకోవడమే మంచిది. పేమెంట్ వెళ్లే అకౌంట్‌లోకి సేవింగ్స్ నుంచి డబ్బు మార్చాల్సి ఉంటే ఆ ట్రాన్స్‌ఫర్ కూడా పేమెంట్‌కి కనీసం ఒకరోజు ముందే షెడ్యూల్ చేసేయండి, రెండూ ఒకే రోజైతే ఏది ముందు పోతుందో గ్యారంటీ లేదు, బ్యాలెన్స్ చాలక ఫెయిలైతే వడ్డీ, పెనాల్టీ మన నెత్తినే. కన్ఫర్మేషన్ నంబర్ దాచుకోండి, ఆ రోజు డబ్బు కట్ అయిందో లేదో కూడా చూసుకోండి.