రిస్సాగా రోజు: నీళ్లు తగ్గితే పడవ దగ్గరకు దిగొద్దు

మా డెక్ మీద పనిచేసే శ్రీకాకుళం కుర్రాడు మొన్న ఒక పాత వీడియో చూపించాడు. 2006 జూన్ 15 సాయంత్రం స్పెయిన్‌లోని మెనోర్కా దీవి, సియుతదెల్లా రేవులో తీసింది. నీళ్లు బయటికి పోయాయి, పడవలు అడుగున కూలబడ్డాయి. "అన్నా, ఇలా ఖాళీ అయినప్పుడే దిగి తాళ్లు సరిచేసుకుంటే పోలా?" అన్నాడు. ఆ ప్రశ్నకే ఇది రాస్తున్నాను. ఆ రోజు 40కి పైగా పడవలు మునిగాయి లేదా బాగా దెబ్బతిన్నాయి.

మధ్యధరా సముద్రంలో ఆ వైపు ఆటుపోట్లు జానెడుకు మించవు. అందుకే జనానికి నీటి మీద భయం ఉండదు. రేవు నీళ్లు ఇలా ఉన్నట్టుండి పోయి తిరిగి రావడాన్నే అక్కడ రిస్సాగా అంటారు. అది ఆటుపోటూ కాదు, భూకంపం తెచ్చే సునామీ కూడా కాదు. పైన సహారా వేడిగాలి పరుచుకున్న రోజుల్లో గాలి పీడనం నిమిషాల్లో కొన్ని మిల్లీబార్లు గెంతుతుంది. ఒక్క మిల్లీబార్ సముద్రాన్ని కదిపేది సెంటీమీటరే. కానీ ఆ పీడనపు అల, నీటి అల ఒకే వేగంతో మెనోర్కా వైపు వస్తే రెండోది పెరుగుతూ పోతుంది. ఈ రేవు కిలోమీటరు పొడవున, వంద మీటర్ల లోపు వెడల్పుతో సన్నటి కాలవలా ఉంటుంది. నిండు బిందె మోసేవాళ్ల నడక తాళం కలిస్తే నీళ్లు ఎలా ఎగిరిపడతాయో, ఇక్కడ పదిన్నర నిమిషాలకోసారి అలా ఊగుతాయి. లోతు ఐదు మీటర్లు. అందులో నాలుగు పోతే పడవ కింద మిగిలేదేమిటి?

అసలు తప్పు ఇదే. నీళ్లు తగ్గగానే పడవ దగ్గరకు దిగడం. పోయిన నీళ్లు ఐదారు నిమిషాల్లో తిరిగొస్తాయి, నది వరదలా వస్తాయి. నేను చూసింది చిన్న రిస్సాగాయే, మూడడుగులు కూడా లేదు. ఒకతను తాడు వదులు చేద్దామని దిగాడు. తాడుకూ ఇనప గూటానికీ మధ్య రెండు వేళ్లు పోయాయి.

ముందురోజు: 1984 జూన్ 21 నాటి పెద్ద రిస్సాగా తర్వాత స్పెయిన్ వాతావరణ శాఖ దీనికి ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తోంది. జూన్ నుంచి ఆగస్టు దాకా రోజూ చూడండి. హెచ్చరిక ఉంటే రేవులోకి రాకండి. లోపలే ఉంటే ముందే బయటపడండి. దీవి తూర్పు కొసన మావో రేవు పెద్దది, లోతైనది, ఇంతలా ఊగదు.

కట్టేటప్పుడు: పొడుగు తాడు ఒక అడుగు, రెండడుగుల ఊపుకు పనికొస్తుంది. నాలుగు మీటర్లకు ఏ ముడీ ఆగదు.

గాలి లేదు కదా అనుకోకండి. ఉక్కపోత, మసక ఆకాశం, కదలని సముద్రం, రిస్సాగాకు నచ్చే వాతావరణమే అది. ఊపు మొదలయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి బయటికి పారిపోవాలని చూడొద్దు, ఆ ఇరుకులో ప్రవాహం మీ మాట వినదు. పడవలో ఉన్నవాళ్లు గట్టెక్కండి. గట్టు మీద ఉన్నవాళ్లు మెట్లెక్కండి. రేవు లోపలి కొస దగ్గర నిలబడొద్దు, ఊపు ఎక్కువగా ఉండేది అక్కడే. జూన్ 23, 24 తేదీల్లో సాన్ జువాన్ జాతర జరిగే మైదానం కూడా ఆ కొసనే ఉంది, పిల్లల చెయ్యి వదలొద్దు. రెండు పడవల మధ్య కాలు పెట్టొద్దు. ఫెండర్ (పడవ పక్కకు దెబ్బ తగలకుండా వేలాడదీసే మెత్త) కోసం వంగొద్దు. ఫోన్ తీయొద్దు. ఒకసారి నీళ్లు వచ్చి వెళ్తే అయిపోయిందనుకోవద్దు, పది నిమిషాలకు మళ్లీ వస్తుంది, ఆ తర్వాత మళ్లీ. కెప్టెన్ దిగమన్నా దిగొద్దు, ఉద్యోగం పోతే పోయింది. పాస్‌పోర్ట్ పడవలో ఉందా? ఉండనీ. నీళ్లు తగ్గాయి కదా అని దిగొద్దు.