కోపంలో మెసేజ్ పంపే ముందు

ఎవరి మీదో కోపం వచ్చి గబగబా మెసేజ్ టైప్ చేస్తున్నారా? పంపే ముందు బుద్ధుడు మాటకు పెట్టిన 5 పరీక్షలు గుర్తు తెచ్చుకోండి. బుద్ధుడి బోధల సంకలనమైన అంగుత్తర నికాయంలో ఉన్నాయి. మాట సమయానికి తగ్గట్టు ఉండాలి, నిజమై ఉండాలి, మృదువుగా ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, మైత్రి నిండిన మనసుతో అనాలి.

నిజం దగ్గర అందరం ఇట్టే పాసైపోతాం. "ఉన్నమాటే కదా అన్నాను" అనేస్తాం. చాలావరకు మనం ఆగిపోయేది మైత్రి దగ్గరే. అందుకని నేనైతే దాన్నే ముందు చూస్తాను. ఫోన్ పక్కన పెట్టి ఆ మనిషిని తలచుకోండి. "తను సుఖంగా ఉండాలి" అని మనస్ఫూర్తిగా అనుకోగలరా? అనుకోలేకపోతే మెసేజ్‌ను డ్రాఫ్ట్‌లోనే ఉంచి, రేపు మళ్లీ చదవండి. టెన్షన్ తగ్గాక అందులో సగం మాటలు మీకే అనవసరం అనిపిస్తాయి.

అలాగని చేదు నిజాలు మింగేయమని కాదు. నిజమై, మేలు చేసే మాటైతే, వినేవాళ్లకు నచ్చకపోయినా బుద్ధుడు తగిన సమయం చూసి చెప్పేవాడు. ఎదుటివాళ్లకు నచ్చని మాట మీరు అంటారా అని అడిగిన అభయుడనే రాజకుమారుడికి ఆయన ఇచ్చిన జవాబు అదే. కాబట్టి చెప్పండి, కానీ నలుగురూ చూసే గ్రూపులో వద్దు. విడిగా, వాళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి.