క్వెట్ట, పెథ్ ఒక్క ఇంటివే: ఎల్ఫ్ భాషల ధ్వని మార్పులను చేత్తో లెక్కకట్టడం

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫులనే జాతికి క్వెన్యా, సిండారిన్ లాంటి భాషలు కల్పించాడు. వాటిలోకి దిగేవాళ్లు చాలామంది ముందు పదాల పట్టిక పట్టుకుని బట్టీ కొడతారు. క్వెన్యాలో చెట్టు అల్డ, సిండారిన్‌లో గలద్. క్వెన్యాలో మాట క్వెట్ట, సిండారిన్‌లో పెథ్. వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగం. అలా కాకుండా రెండింటికీ మూలమైన పాత రూపాన్ని ఒక్కదాన్నే గుర్తుపెట్టుకోండి. అక్కణ్ణుంచి నియమాలు వరసగా వేసుకుంటూ వస్తే రెండు పదాలూ వాటంతటవే తేలతాయి. టోల్కీన్ భాషలను కట్టింది కూడా ఈ పద్ధతిలోనే. 1925 నుంచి 1959 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరుగా ఉన్నాడు. పాత ఇంగ్లీషు, దాని ధ్వని సూత్రాలు ఆయనకు రోజువారీ పని. అందుకే ఎల్ఫులకూ ఒక ఆదిమ భాష పెట్టి, దాన్ని కొమ్మలుగా చీల్చి, ఒక్కో కొమ్మకు ఒక్కో నియమావళి రాశాడు. క్వెన్యాకు ఫిన్నిష్ నాదం, సిండారిన్‌కు వెల్ష్ నాదం అలా వచ్చాయి.

నేను అకౌంటెంట్‌ని కాబట్టి నా పనంతా లెడ్జరు పుస్తకంలోనే. పేజీని అడ్డంగా తిప్పి గళ్లు గీస్తాను. ఎడమ చివర పాత రూపం, తర్వాత గడికొక నియమం, కుడి చివర చివరి రూపం. ఒక నియమం ఆ పదానికి వర్తించకపోతే ముందు గడిలో ఉన్నదే మళ్లీ రాయాలి, ఖాళీ వదలకూడదు. క్వెన్యాకు నీలం ఇంకు, సిండారిన్‌కు ఆకుపచ్చ. (ఆఫీసులో ఆకుపచ్చ ఆడిటర్లది. ఇంట్లో నాది.)

రాసేముందు లిపి సంగతి తేల్చుకోవాలి. ఈ విషయంలో మనకు ఇంగ్లీషువాళ్లకంటే సుఖం. వాళ్లు రెండేసి అక్షరాలు కలిపి రాసే చోట మనకు ఒక్కటి చాలు. ట, డ మామూలే. ద అంటే 'దిస్' అన్నప్పటి ద, థ అంటే 'థింక్' అన్నప్పటి థ. ఈ నాలుగూ కలిసిపోకుండా ఉంటే సగం పని అయినట్టే.

ఇప్పుడు చెట్టు. పాత రూపం గలడా. క్వెన్యా వరసలో పక్కపక్క అక్షరాల్లో ఒకే హ్రస్వాచ్చు రెండుసార్లు వస్తే రెండోది పడిపోతుంది: గల్డా. చివరి దీర్ఘం పొట్టిదవుతుంది: గల్డ. పదం మొదట్లోని గ ఊడిపోతుంది: అల్డ. సిండారిన్ వరస వేరు. అక్కడ మొదటి గ నిలిచింది, అచ్చు తర్వాతి డ మెత్తబడి ద అయింది, చివరి అచ్చు రాలిపోయింది: గలద్. లోరియెన్ అడవిలో ఉండే గలద్రిమ్ పేరులో ఉన్నది ఈ చెట్టే.

మరి ఆ లోరియెన్‌ను ఏలే దొరసాని గలాడ్రియెల్ పేరులో? అక్కడ చెట్టు లేదు. చాలామంది పడే గుంట ఇది. అందులో ఉన్నది గలడ్, అంటే కాంతి. టెలెరిన్ అనే ఇంకో ఎల్ఫ్ భాషలో అలట. ట, డ తేడా చూడండి. సిండారిన్‌లో అచ్చు తర్వాతి పాత ట డ అవుతుంది, పాత డ ద అవుతుంది. డ ముందుగా జరిగి జాగా ఖాళీ చేసింది, ట వచ్చి ఆ జాగాలో కూర్చుంది. మీ గళ్లలో ఈ రెండు నియమాలనూ తారుమారు చేశారనుకోండి, ట కాస్తా డ అయి, ఆ డ మళ్లీ ద అయి, కాంతీ చెట్టూ ఒక్కటైపోతాయి. లోరియెన్ బయట, పాత చరిత్ర మరిచిపోయినవాళ్లు ఆమె పేరును గలద్రియెల్ అని మార్చి పలికేవారని, లోరియెన్‌లో మాత్రం కాదని టోల్కీనే రాశాడు. అంటే ఈ పొరపాటు ఆ కథాలోకంలోనూ తప్పలేదన్నమాట.

వరస ఎంత ముఖ్యమో చూడాలంటే క్వెట్ ధాతువును మించింది లేదు. అర్థం 'పలుకు'. క్వెన్యాలో క్రియ క్వెట్‌గానే ఉంది, నామవాచకం క్వెట్ట. సిండారిన్ కొమ్మలో మొదటి క్వ ప అయింది. ఇక్కణ్ణుంచి జాగ్రత్త. ఒంటరి ట డ అవుతుంది, కాబట్టి క్రియ పెడ్. జంట ట్ట మాత్రం థ అవుతుంది, చివరి అచ్చు పోతుంది, కాబట్టి మాట పెథ్. ముందుగా ట్టను ఒంటరి ట చేసేస్తే అదీ డ అయిపోయి, క్రియకూ నామానికీ తేడా ఉండదు. కథలో మోరియా అనే భూగర్భ నగరం తలుపు మీద 'పెడో మెల్లోన్' అని చెక్కి ఉంటుందే, 'మిత్రుడు అని పలుకు' అని, ఆ పెడో ఈ పెడ్‌దే. గుర్రానిదీ ఇదే దారి: క్వెన్యాలో రొక్కో, సిండారిన్‌లో రోఖ్. రోహాన్ అంటే గుర్రాల దేశం.

మా మేనకోడలు ఒక ఫాంటసీ నవల రాస్తోంది. "మామయ్యా, ఒక్క ఊరి పేరుకి ఇంత టెన్షనా? నేమ్ జెనరేటర్‌లో కొడితే వంద వస్తాయిగా" అంటుంది. వస్తాయి. కానీ ఆ వందలో ఏ రెండూ చుట్టాలు కావు. టోల్కీన్ కథల్లోని మోర్డోర్, గోండోర్ దేశాల పేర్లలోని డోర్, న్యూమెనోర్ ద్వీపం పేరులోని నోర్ మాత్రం ఒకే పాత పదం. 'దేశం' అనే అర్థం ఉన్న పాత మాట మొదట్లో న్డ ఉండేది. సిండారిన్ డ ఉంచుకుంది, క్వెన్యా న ఉంచుకుంది. చదివేవాడికి నియమం తెలియకపోయినా చుట్టరికం చెవికి తగులుతుంది.

బహువచనం దగ్గర చాలామంది బెదిరిపోతారు. క్వెన్యాలో మనిషి అటన్, మనుషులు అటని. సిండారిన్‌లో అడన్, ఎడైన్. తెలుగువాడు బెదరాల్సిన పని లేదు. కత్తికి లు చేరిస్తే కత్తులు అవుతుంది. వెనక వచ్చే ఉ ముందున్న ఇని తనలోకి లాక్కుంది. ఎడైన్‌లోనూ వెనకున్న ఇ ముందున్న అచ్చులను లాగింది: మొదటి అ ఎ అయింది, రెండోది ఐ అయింది. తేడా ఒక్కటే. మనకు లు మిగిలింది, వాళ్లకు ఆ ఇ రాలిపోయింది. కాబట్టి గళ్లలో అచ్చుల మార్పు ముందు, చివరి అచ్చు రాలడం తర్వాత.

థ, స గొడవ చిన్నదే కానీ పనికొస్తుంది. క్వెన్యాలో పాత థ స అయిపోయింది, సిండారిన్‌లో థగానే ఉంది. బూడిదరంగు అక్కడ సిండ, ఇక్కడ థిండ్. రాజు పేరు అక్కడ సింగొల్లో, ఇక్కడ థింగోల్. రెండు భాషల్లోనూ స ఉంటే పాత రూపంలోనూ సనే వేసుకోవచ్చు, నది అనే అర్థం ఉన్న సీరె, సీర్ లాగా. ఈ మార్పును కథలోని ఎల్ఫ్ రాకుమారుడు ఫెయానోర్ ఒప్పుకోలేదు. తల్లి బిరుదు థెరిండెను సెరిండె అంటే అవమానంగా తీసుకుని థనే పట్టుకు వేలాడాడు. ఒక ధ్వని సూత్రం మీద రాజకుటుంబంలో తగాదా పెట్టడం నాకు టోల్కీన్‌లో అన్నిటికంటే నచ్చిన సంగతి.

సొంత భాష అల్లేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: నియమానికి ఆయుష్షు ఉంటుంది. కన్నడంలో కివి, కెరె, కెడు అన్నవి మన దగ్గర చెవి, చెరువు, చెడు అయ్యాయి. కిటికీ మాత్రం చిటికీ కాలేదు. ఆ మాట వచ్చేసరికే ఆ నియమం పని చేయడం మానేసింది. మీ ఎల్ఫులు పొరుగువాళ్ల దగ్గర పదాలు అరువు తెచ్చుకుంటే, వాటిని ఏ గడి నుంచి లోపలికి రానివ్వాలో ముందే నిర్ణయించుకోండి.

పాత రూపాలు ఎక్కువగా దొరికేది ఎటిమాలజీస్ అనే ధాతువుల జాబితాలో. టోల్కీన్ దాన్ని 1930ల చివర్లో రాసుకున్నాడు, అచ్చయింది 1987లో. అప్పటికి సిండారిన్ అనే పేరు లేదు, నోల్డోరిన్ అనేవాడు. దాని నియమాలూ కొన్ని వేరు: పువ్వుకు అందులో మొదట్లో ల్హ ఉంటుంది, తర్వాతి సిండారిన్‌లో మామూలు లోథ్. రెండు కాలాల రూపాలను ఒకే పేజీలో కలిపితే లెక్క తేలదు.

ఇక సొంతంగా ఒకటి చేసి చూడండి. లకటా అని ఒక పాత రూపం కల్పిద్దాం. క్వెన్యాలో మధ్య అచ్చు పోతే లక్టా. చివర పొట్టిదైతే లక్ట. క్వెన్యా క్ట‌ను ఉండనివ్వదు, హ్ట చేస్తుంది: లహ్ట. సిండారిన్‌లో అచ్చుల తర్వాతి క, ట మెత్తబడి, చివరి అచ్చు రాలి, లగడ్. రెండింటికీ ముందు నక్షత్రం గుర్తు పెట్టండి: *లహ్ట, *లగడ్. అవి టోల్కీన్ రాసినవి కావు, మనం లెక్కకట్టినవి అని చూసేవాళ్లకు తెలియాలి.