గాలానికి చిక్కిన నసావు గ్రూపర్‌ను ప్రాణంతో లోతుకు పంపడం

కరీబియన్ పగడపు దిబ్బల్లో నసావు గ్రూపర్ చేప ఎందుకు తరిగిపోయిందో దాని గుడ్లు పెట్టే అలవాటే చెబుతుంది. చలికాలపు పున్నమి రోజుల్లో వేల చేపలు దిబ్బ అంచున ఒకేచోట చేరతాయి. లిటిల్ కేమన్ దీవి దగ్గర 2001లో బయటపడ్డ సుమారు 7,000 చేపల గుంపులో దాదాపు 4,000 రెండు సీజన్లలోనే పడవలకెక్కాయి. 2003లో అక్కడ వేట ఆపాకే గుంపు మళ్లీ పుంజుకుంది. అందుకే పొరపాటున చిక్కిన ప్రతి చేపా తిరిగి బతకాలి. ఊరికే నీళ్లలో వదిలితే చాలదు.

ముప్పై మీటర్ల లోతున పీడనం ఉపరితలంకన్నా 4 రెట్లు. చేప పైకొచ్చేసరికి, నీటిలో తేలడానికి దానికి సాయపడే గాలితిత్తి ఉబ్బిపోతుంది, ఆ గాలిని నోటిగుండా వదిలే దారి గ్రూపర్‌కు లేదు. కడుపు గట్టిపడి, కళ్లు పొడుచుకొచ్చి, నోట్లోంచి గులాబీరంగు సంచి బయటికొస్తే ఇదే కారణం. ఆ సంచి జీర్ణాశయం. దాన్ని గాలితిత్తి అనుకొని పొడవకండి, చేప చచ్చిపోతుంది.

ఆ గాలి మళ్లీ కుదించుకుపోవాలంటే చేపను లోతుకు దించాలి, అందుకు గాలం వేసేముందే దించే సరంజామా సిద్ధంగా ఉండాలి. పెద్ద గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును నొక్కి చదును చేయండి. తాడును గాలం వంపుకు కట్టి, గాలం కంటికి (మామూలుగా తాడు కట్టే రంధ్రానికి) బరువు వేలాడదీయండి. అప్పుడు మొన కిందికి తిరుగుతుంది. చిన్న చేపకు అర కిలో సీసం సరిపోవచ్చు, పెద్దదానికి ఎక్కువ కావాలి. చేప మునగకపోతే బరువు తక్కువైందన్నమాట.

వేటకు స్టెయిన్‌లెస్ కాని సర్కిల్ గాలాలే (మొన లోపలికి వంగినవి) వాడండి. అవి ఎక్కువగా పెదవి మూలకే దిగుతాయి. లోపలికి మింగేస్తే లాగకుండా తాడును దగ్గరగా కత్తిరించండి, ఇనుము మెల్లగా తుప్పుపడుతుంది.

పెద్ద చేపను పడవలోకి ఎత్తొద్దు. దాని బరువు మోసేది నీరే, మొప్పలు పట్టి వేలాడదీస్తే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. తడిచేతులతో నీటిలోనే అడ్డంగా పట్టుకుని, దించే గాలాన్ని కింది దవడకు తగిలించి, పట్టిన లోతుదాకా దించి, తాడును ఒక్కసారి గట్టిగా గుంజండి. గాలం జారిపోతుంది, చేప అక్కడే ఉండిపోతుంది. ఆలస్యమే అన్నిటికన్నా చెడ్డది, కాబట్టి ఫోటోలకోసం ఆగకండి.

అక్కడే రెండోది కూడా తగిలితే ఆ చోటు వదిలి పడవను వేరే దిబ్బకు తీసుకెళ్లండి.