జిప్సీకి పెద్ద టైర్లు వేసే ముందు

పాత మారుతి జిప్సీకి 205/70 ఆర్15 సైజు టైర్లు తీసి 235/75 ఆర్15 వేయాలంటే లిఫ్ట్ కిట్ ఒక్కటే చాలదు. లిఫ్ట్ బాడీని మాత్రమే లేపుతుంది. కింద రాళ్లకు తగిలే డిఫరెన్షియల్ (ఇరుసు మీద ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బా) ఎత్తు పెరిగేది టైరు వల్లే, అదీ సుమారు 33 మిల్లీమీటర్లు. అందుకే నాలుగైదు అంగుళాల లిఫ్ట్ నాకైతే సోకు కిందే లెక్క.

లిఫ్ట్ కోసం కొత్త కమాన్ పట్టీలు వేశాక షెడ్డులోనే ఒక పని చేయించండి. ముందు చక్రం ఒకటి పెద్ద దిమ్మ మీదికి ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పించి, టైరు మడ్‌గార్డ్‌కి గానీ పట్టీకి గానీ రాసుకుంటోందేమో టార్చి వేసి చూడండి. తర్వాత ఛాసిస్‌కి జాకీ పెట్టి చక్రాలు పూర్తిగా వేలాడేలా లేపండి. అప్పుడు బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం) బిగుసుకుపోయి ఉంటే పొడుగుది మార్చందే బండి బయటికి తీయొద్దు. ఈ చెకింగ్ చాలామంది వదిలేస్తారు.

పెద్ద టైర్లతో స్పీడోమీటర్ 60 చూపిస్తే అసలు వేగం దాదాపు 66. వెనక డోర్‌కి వేలాడే స్టెపినీ కూడా బరువెక్కుతుంది కాబట్టి బందులు గట్టి చేయించండి. ఆర్టీఓ రూల్స్ ముందే కనుక్కోండి.