దాళ్వాకు ముందే ఎరువుల లెక్క వేసుకోవడం ఎలా

గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ వరి) నారుమళ్లు పోసే డిసెంబరు నాటికి ఎరువుల దుకాణాల ముందు వరుసలు మొదలవుతాయి. ఆ వరుసలో నిలబడటానికి ముందే, బస్తాల లెక్కన కాకుండా పోషకాల లెక్కన కొనడం అలవాటు చేసుకోవాలి.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. బస్తా ధర 266.50 రూపాయలు కనుక కిలో నత్రజని సుమారు 13 రూపాయలకు పడుతుంది. 50 కిలోల డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్)లో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. బస్తా 1350 రూపాయలైతే, అందులో నత్రజని విలువ తీసివేయగా భాస్వరం కిలోకు దాదాపు 54 రూపాయలు పడుతుంది. 20-20-0-13 (వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు) బస్తాకూ ఇదే లెక్క వేసి చూడండి. దానిలోని ఆరున్నర కిలోల గంధకాన్ని మరచిపోవద్దు. డీఏపీ వేసిన చేనుకు అందులోని నత్రజని మేరకు యూరియా తగ్గించాలి. చాలామంది తగ్గించరు, అదే నాకు బాధ కలిగించే విషయం.

యూరియా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. సహజవాయువు నుంచి తీసిన ఉదజనిని (హైడ్రోజన్‌ను) గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియాగా, దానిని బొగ్గుపులుసు వాయువుతో కలిపి యూరియాగా మారుస్తారు. ఫాస్ఫేటు ఎరువులకు కావలసిన రాయి, ఆమ్లం ఎక్కువగా మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచి రావాలి. పొటాష్ అయితే దాదాపు అంతా దిగుమతే. 2010 నుంచి వీటికి పోషకాన్ని బట్టి రాయితీ ఇస్తున్నారు. సరుకు దిగుమతిదే కావడం, ధరను రాయితీ కొంత ఆపడం వల్ల, విదేశాల్లో ఎగుమతులు బిగుసుకుంటే ఆ ప్రభావం ధరలో కంటే ముందు కొరత రూపంలో మన ఊళ్లో కనిపిస్తుంది.

కాబట్టి ఆఖరి దమ్ములో (నాట్లకు ముందు బురద దుక్కిలో) వేసే భాస్వరాన్ని, భూసార పరీక్ష ఫలితం చూసుకుని, ముందుగానే తెచ్చుకోండి. యూరియాను మాత్రం విడతకు విడతే కొనడం మేలు, ఎందుకంటే డెల్టా తేమకు అది గడ్డకడుతుంది. బస్తాలను గోడకు ఆనించకుండా చెక్కల మీద పేర్చాలి.

ఒక సీసా ఒక బస్తాకు బదులని చెప్పే నానో యూరియా (ద్రవరూప ఎరువు) విషయంలో అంకెలే చూడండి. 20 శాతం గాఢత ఉన్న అర లీటరు సీసాలో నత్రజని 100 గ్రాములు మాత్రమే. పైపాటుగా ఆకుల మీద పిచికారీ చేయడానికి అది పనికిరావచ్చు గాని, బస్తాకు బదులు అవుతుందని నేను అనుకోను.

దుకాణంలో బస్తా కుట్టు, నికర బరువు, ముద్రించిన గరిష్ఠ ధర పరిశీలించండి. నాలుగు డీఏపీ గుళికలను అరచేతిలో కాస్త సున్నంతో నలిపితే ముక్కుకు ఘాటైన అమ్మోనియా వాసన తగలాలి. ఈ-పాస్ యంత్రంలో వేలిముద్ర వేశాక, రసీదులోని బస్తాల సంఖ్య మీరు బండికెత్తినదానితో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి.